నా స్థాయికి తగిన ప్రత్యర్థి ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న:
ఆన్‌లైన్ చదరంగంలో నా రేటింగ్ 1350. నెల రోజులుగా నాకు ఎదురవుతున్నవారిలో కొందరు పది ఎత్తులలోపే మంత్రిని పోగొట్టుకుంటుండగా, మరికొందరు ఇంచుమించు అదే రేటింగ్‌తో ఉండి కూడా ఆట చివరి దశను ఎంతో అనుభవజ్ఞుల్లా నడిపిస్తున్నారు. సమవుజ్జీతో హోరాహోరీగా ఆడి ఓడినా నాకు బాధ ఉండదు. ఈ ఎగుడుదిగుడు పోటీలే మనసును కష్టపెడుతున్నాయి. జత కుదిర్చే పద్ధతిలోనే లోపం ఉందా?

జవాబు:
లోపం కన్నా అనిశ్చితి ఎక్కువండి. లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదిక రేటింగ్ లెక్కకు వాడే గ్లికో-2 పద్ధతిలో కొత్త ఆటగాడు 1500 దగ్గర మొదలవుతాడు. అతని అసలు స్థాయి తేలేవరకు రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అలాంటివారితో ఆడిన ఫలితం మీ రేటింగును పెద్దగా కదిలించదు.

మరో జవాబు:
ఎలో అనే మరో రేటింగ్ లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలమైన ఆటగాడికి వంద ఆటల్లో సుమారు 76 గెలుపులకు సమానమైన ఫలితం దక్కుతుంది కనుక, వీలుంటే ప్రత్యర్థుల పరిధిని అటూ ఇటూ వంద పాయింట్లకు కుదించండి. ఎదురుచూపు మాత్రం పెరుగుతుంది. మీరు ఆడేది కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జా, కాస్త ఎక్కువ సమయం ఇచ్చే ర్యాపిడా? వాటి రేటింగులు వేర్వేరు.

ప్రశ్న అడిగినవారు:
బ్లిట్జ్ అండి. పరిధి నిజంగానే చాలా విశాలంగా ఉంది, ఇప్పుడే కుదించాను.