కొత్తవారి కథను దిద్ది ప్రచురించాలా, లోపాలు చెప్పి తిప్పి పంపాలా?

చిత్తుప్రతి (చర్చను ప్రారంభించినవారు):

కొత్తగా రాస్తున్నవారి కథలకు నెలకొకసారి చోటు కల్పించాలని మన సాహిత్య బృందం నిర్ణయించుకున్న నాటి నుంచి, ఆ కథలను ఏ రూపంలో ప్రచురించాలన్న విషయం మీద సంపాదక వర్గం రెండుగా చీలింది. కథలో సరుకు ఉండి కథనం తడబడినప్పుడు, అనుభవజ్ఞులు దానిని తిరగరాసి, పంపినవారి పేరుతోనే ప్రచురించాలని ఒక పక్షం అంటోంది. తన పేరు అచ్చులో చూసుకున్న ఆనందమే రెండో కథ రాయిస్తుందని వారి నమ్మకం. లోపాలను వివరంగా రాసి కథను తిప్పి పంపాలనీ, రచయిత తానే దిద్దుకుని తెచ్చిన ప్రతిని మాత్రమే ప్రచురించాలనీ రెండో పక్షం వాదిస్తోంది. అక్షరదోషాలు, విరామచిహ్నాలు సవరించడం మీద ఎవరికీ పేచీ లేదు. వాక్యాలను మార్చడం, సన్నివేశాలను తీసివేయడం, ముగింపును మరొకరు రాయడం, వీటి గురించే ఈ చర్చ. ఈ రెండింటిలో ఏది కొత్తవారికి మేలు చేస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

పాతకలం:

నాది మొదటి పక్షం. తెలుగులో ఆదికావ్యంగా మనం చెప్పుకునే భారతమే మరొకరి సాయంతో సాగింది. కురుక్షేత్రంలో అర్జునుడికి నారాయణుడు తోడు నిలిచినట్లు తనకు నారాయణభట్టు తోడ్పడ్డాడని నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు. రెండో చేయి పడితే రచన పరాయిదైపోతుందన్న దిగులు ఆనాడు లేదు. మన కాలానికి దగ్గరగా వస్తే, 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు చందమామలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు, పాఠకులు పంపిన కథలను ఆ పత్రిక శైలికి తగినట్లు తిరగరాసేవారన్నది సాహిత్యలోకానికి తెలిసిన సంగతే. చందమామ కథ అనగానే మనకు చెవిలో వినిపించే ఆ సాఫీ నడక చాలావరకు ఆ దిద్దుబాటు పెట్టిన భిక్ష.

ఇక తిప్పి పంపడం సంగతి. స్టాంపులు అంటించిన కవరు జతపరిస్తేనే కథ వెనక్కి వచ్చే రోజులను నేను ఎరుగుదును. ‘ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు’ అన్న ఒక్క వాక్యం ఎంతమంది చేత కలం కింద పెట్టించిందో లెక్క కట్టినవారు లేరు. తిరిగి వచ్చిన కథకు, ఎంత మర్యాదగా ఉత్తరం జతచేసినా, అందుకున్నవారికి అందులో కనిపించేది ‘వద్దు’ అన్న మాటే. చదువరికి మంచి కథ దక్కాలి, రాసినవారికి ధైర్యం దక్కాలి. దిద్ది వేస్తే రెండూ ఒకేసారి నెరవేరుతాయి.

తొలికథ:

పాతకలం గారూ, మీరు చెప్పిన ధైర్యం నాకు దక్కింది కనుక దాని తరువాత ఏమవుతుందో చెప్పగలను. నా మొదటి కథను ఒక పత్రిక దిద్ది వేసింది. నేను రాసిన ప్రారంభం ఇది: ‘సూర్యుడు తూర్పు కొండల మీద ఉదయించాడు. పక్షులు కిలకిలారావాలు చేస్తున్నాయి. రాజ్యం నిద్ర లేచింది. ఆమె మనసంతా దిగులుగా ఉంది.’ అచ్చులో దాని స్థానంలో ఒకే వాక్యం ఉంది: ‘రాజ్యం లేచేసరికి పక్క మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది.’

ఇది నా వాక్యాలకన్నా ఎంతో మేలైనదని చదివిన క్షణంలోనే తెలిసింది. భర్త చెప్పకుండా వెళ్లిపోయాడన్న సంగతి, దిగులు అన్న మాట లేకుండానే, అందులో ఉంది. అయితే అది ఎందుకు మేలైనదో నాకు చెప్పినవారు లేరు. కనుక నా రెండో కథలోనూ సూర్యుడు యథావిధిగా ఉదయించాడు. దానిని ఎవరూ దిద్దలేదు, వేయనూ లేదు. ఈలోగా బంధువులు ఆ దుప్పటి వాక్యాన్నే పదేపదే మెచ్చుకుంటూ ఉంటే, ఔనని తలూపలేక, కాదని చెప్పలేక నలిగిపోయాను. మరొక సంగతి కూడా చెప్పాలి. నా కథలోని ఆ మనిషి ఏనాడూ దుప్పటి మడత పెట్టే రకం కాదు. అతని బద్ధకం చుట్టూనే నాలుగో పేజీలో ఒక తగాదా ఉంది. దిద్దినవారు ఆ తగాదాను కూడా తీసివేశారు.

రెండోచూపు:

తొలికథ గారి దుప్పటి దగ్గరే ఆగి చూద్దాం, ఎందుకంటే ఈ వాదమంతా అందులోనే ఉంది. దిద్దినవారు సమర్థులే. దృశ్యంతో చెప్పాలన్న సూత్రం వారికి బాగా తెలుసు. తెలియనిదల్లా ఆ ఇంటి మనిషి. అది రాసినవారికే తెలుస్తుంది. కాబట్టి సంపాదకుడు వాక్యం రాయకుండా ఒక ప్రశ్న రాసి ఉంటే సరిపోయేది: ‘మొదటి రెండు వాక్యాలు ఏ కథకైనా అతుకుతాయి. రాజ్యం దిగులుగా ఉందని మీరు చెబుతున్నారు, నాకు కనిపించడం లేదు. లేవగానే ఆమె కంట పడినది ఏమిటి?’ దీనికి తొలికథ గారు ఇచ్చే జవాబు మడత పెట్టిన దుప్పటి అయ్యుండేది కాదు. ఉండచుట్టి వదిలేసిన దుప్పటి అక్కడే ఉండి, గుమ్మం దగ్గర చెప్పులు లేకపోవడమో, మరొకటో అయ్యుండేది. ఆ వాక్యం కొంచెం మోటుగా ఉన్నా అది ఆవిడది, పైగా కథకు నిజమైనది. ఆ ప్రశ్నను ఆవిడ రెండో కథకు తానే వేసుకుని ఉండేవారు కూడా.

బాగా దిద్దడం వేరు, రాసినవారిని దాటిపోవడం వేరు అనడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ 1981 నాటి సంపుటిలో సంపాదకుడు గోర్డన్ లిష్ కొన్ని కథలను సగానికి పైగా కత్తిరించాడు. పుస్తకం ఆపమని కార్వర్ బతిమాలుతూ ఉత్తరం రాశాడు, అయినా అది అలాగే వచ్చింది, గొప్ప పేరూ తెచ్చింది. కత్తిరించకముందు కథలు ఎలా ఉండేవో పాఠకులు పుస్తకంగా చూడగలిగింది 2009లో, అప్పటికి రచయిత పోయి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటికే పేరున్న రచయిత పరిస్థితే అది. మొదటి కథ పంపినవారు సంపాదకుడికి ఎదురు చెబుతారని మనం ఎలా అనుకోగలం?

చందమామ ఉదాహరణ మీద నాకు గౌరవమే గాని, అది ఇక్కడ వర్తించదు. అక్కడ పత్రికకు ఒక గొంతు ఉంది, అన్ని కథలూ ఆ గొంతులోనే పలకాలి, చదివేది పిల్లలు. మనం చోటు ఇస్తున్నది వేర్వేరు గొంతులను వినడానికి.

ఇంకొక మాట. తిరగరాయడాన్ని మనం ఔదార్యం అనుకుంటున్నాం. అనుభవం ఉన్నవారికి నిజానికి అదే సులువు. బలహీనమైన కథను ఒక సాయంత్రం కూర్చుని చక్కబెట్టవచ్చు. అదే కథలో లోపం ఎక్కడుందో రాసినవారికి అర్థమయ్యేలా చెప్పడానికి, వారు తెచ్చిన రెండో ప్రతిని, మూడో ప్రతిని మళ్లీ ఓపికగా చదవడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. సంపాదకులు దిద్దడానికే మొగ్గు చూపడంలో ఈ సంగతికి కొంత పాత్ర ఉందని నా అనుమానం.

సూటిమాట:

నాకు రెండు పక్షాలూ అతిగా అనిపిస్తున్నాయి. రాయగలిగినవాడు ఎవరు ఆపినా రాస్తాడు. రాయలేనివాడిని భుజం తట్టి నిలబెడితే రాశి పెరుగుతుంది, వాసి పెరగదు. ‘అద్భుతం’, ‘చాలా బాగుంది’ అన్న రెండు మాటలు ఇప్పటికే ప్రతి రచన కిందా కుప్పలుగా పడి ఉన్నాయి. వాటికి తోడు మనం కూడా ఎందుకు?

రెండోచూపు:

సూటిమాట గారూ, రాయగలిగినవాడు ఎలాగైనా రాస్తాడన్నది నిలిచినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకున్న మాట. మధ్యలో మానేసినవారు వచ్చి మనకు సాక్ష్యం చెప్పరు. రష్యన్ కథకుడు చెహోవ్ సంగతి చూడండి. 1886 నాటికి అతను వైద్యం చేస్తూ, హాస్యపత్రికలకు పుంఖానుపుంఖంగా రాస్తున్న యువకుడు. వృద్ధ రచయిత గ్రిగరోవిచ్ అతనికి ఉత్తరం రాశాడు. నీది అసలైన ప్రతిభ, హడావిడి రాతలు మాని దానిని గౌరవించుకో అన్నది దాని సారాంశం. ఒక్క రోజుకు మించి పనిచేసిన కథ ఒక్కటీ తనకు గుర్తు లేదని చెహోవ్ జవాబిచ్చాడు. ఆ ఉత్తరంలో పొగడ్త ఉంది, దానితోపాటే చీవాట్లూ ఉన్నాయి. మీరు విసుక్కుంటున్న ‘అద్భుతం’లో రెండో భాగం లేదు. నేను కోరుతున్నది ఆ రెండో భాగాన్నే.

పద్యప్రియుడు:

గద్యం రాసేవారు ఒక విషయం మరచిపోతున్నారని మనవి. పద్యానికి మన దగ్గర ఏనాటి నుంచో కొత్తవారికి తగిన ఒక మెట్టు ఉంది, అది సమస్యాపూరణం. ఒక పాదం ఇస్తారు, మిగిలిన మూడు పాదాలతో దానికి అర్థం కుదర్చాలి. ఆకాశవాణి ఆ కార్యక్రమం నడిపినప్పుడు, అవధానం చేసే స్తోమత లేని సామాన్యులు కూడా పూరణలు రాసి పంపేవారు. అందులో నేను గమనించిన సుగుణం ఏమిటంటే, యతి తప్పిందనో ప్రాస కుదరలేదనో ఎవరైనా చూపితే కొత్తవాడు నొచ్చుకోడు. తప్పు కళ్ల ముందు ఉంది, నియమం ఇద్దరికీ తెలుసు. కథకు అటువంటి నియమం లేకపోవడం వల్లనే, ‘ఈ సన్నివేశం పండలేదు’ అంటే ‘నీకు రాయడం రాదు’ అని వినిపిస్తుంది.

పాతకలం గారు చందమామ మాట ఎత్తారు గనుక, ఆ పత్రిక తెరిచిన మరో తలుపును కూడా గుర్తు చేస్తాను. ప్రతి నెలా రెండు ఫోటోలు వేసి, రెంటికీ జోడు కుదిరే చిన్న వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవారు. నాలుగు మాటలు కుదిరితే చాలు, పేరు అచ్చయ్యేది. పదిహేను పేజీల కథతో లోపలికి రమ్మని పిలవడానికి ముందు, ఒక పేజీలో ఒకే సన్నివేశం, ఇద్దరే మనుషులు అని హద్దు గీసి ఇవ్వండి. అప్పుడు చెప్పవలసిన లోపమూ చిన్నదవుతుంది, దిద్దుకోవడమూ చేతనవుతుంది.

న్యాయనిర్ణేత:

ఒక పేజీ ఆలోచన బాగుంది. నేను కథల పోటీలకు తీర్పరిగా కూర్చున్నవాడిని కనుక అటువైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. పోటీ కొత్తవారికి తలుపు అని అందరం అనుకుంటాం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో పాలగుమ్మి పద్మరాజు కథకు రెండో బహుమతి వచ్చినప్పుడు తెలుగు కథ తలెత్తుకున్న మాట నిజం. కానీ అప్పటికి ఆయన చేయి తిరిగిన రచయిత. పోటీ సహజంగానే చేయి తిరిగినవారిని వెతికి పట్టుకుంటుంది. మిగిలినవారు, రచన తమ సొంతమనీ, అనువాదం గాని అనుకరణ గాని కాదనీ హామీపత్రం జతచేసి పంపి, ఫలితాల్లో తమ పేరు లేదని తెలుసుకుంటారు. ఎందుకు లేదో వారికి ఎవరూ చెప్పరు. ఇక, సంకలనంలో చోటు కావాలంటే ఇన్ని ప్రతులు కొనాలని షరతు పెట్టే ‘అవకాశాల’ను అవకాశాల జాబితాలోనే చేర్చవద్దు.

పాతకలం:

రెండోచూపు గారి వాదంలో బలం ఉంది. దుప్పటి విషయంలో నేను బదులు చెప్పలేను. అయినా నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. మనకు కథ పంపే ప్రతివారూ రచయిత కాదలచుకున్నవారేనని మీరంతా అనుకుంటున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి ఒకరు, జీవితంలో తనను వదలని ఒకే ఒక్క సంఘటనను కథగా రాసి పంపారనుకోండి. వారికి రెండో కథ రాసే ఉద్దేశం లేదు, సూత్రాలు నేర్చుకునే ఓపికా లేదు. మూడు సార్లు తిప్పి పంపితే ఆ సంఘటన వారితోనే పోతుంది. ఇక్కడ మనం కాపాడవలసింది రచయిత ఎదుగుదలనా, ఆ కథనా?

తొలికథ:

అటువంటప్పుడు దిద్దండి, కానీ దిద్దిన చేయిని దాచవద్దు. కథ వారిదని, రాత ఫలానావారిదని రెండు పేర్లూ వేయండి. మీరే చెప్పిన నన్నయ చేసింది అదే కదా, సాయపడిన వ్యక్తి పేరును కావ్యం మొదట్లోనే చెప్పాడు. అచ్చుకు ముందు ప్రతిని వారికి చూపించి, వారు ఒప్పుకోని మార్పును విడిచిపెట్టాలి. మిగిలినవారి విషయంలో నేను కోరేది ఒక్కటే, జవాబుకు గడువు. లోపాలు చెప్పే ఉత్తరం ఆరు నెలల తరువాత వస్తే, అప్పటికి ఆ కథ రాసిన మనిషే మారిపోయి ఉంటారు.

చిత్తుప్రతి:

ఇక్కడి వరకు కుదిరిన అంగీకారాన్ని సంపాదక వర్గం ముందు ఇలా పెడుతున్నాను. కొత్తవారిని మొదట ఒక పేజీ, ఒక సన్నివేశం పంపమని అడుగుతాం. అందిన ప్రతి రచనకూ నెల లోపల జవాబు వెళుతుంది. ఆ జవాబులో రచనలోని ఏదో ఒక వాక్యాన్ని పేర్కొని అది ఎందుకు నిలబడిందో, మరొక చోటును పేర్కొని అది ఎందుకు తడబడిందో చెప్పి, ఒక ప్రశ్న వేస్తాం. వాక్యాన్ని మాత్రం మేము రాసి ఇవ్వం. తిరగరాయమని రచయితే కోరితే రెండు పేర్లతో ప్రచురిస్తాం. ఇన్ని జవాబులు రాయడానికి మనుషులు చాలరన్నది నాకున్న భయం. కాబట్టి మొదటి నెల రచనలను తొలికథ గారు, పాతకలం గారు కలిసి చదవాలని నా అభ్యర్థన. ఇద్దరూ సరేనంటే రచనలు రేపే పంపుతాను.

పాతకలం:

నేను సిద్ధమే. పెన్సిలు మాత్రం తొలికథ గారి దగ్గరే ఉంచండి.