స్కైడైవింగ్ నుంచి బేస్ జంపింగ్‌కు: రిగ్గు ముందా, నేర్చుకోవడం ముందా?

ప్రశ్న

నమస్కారం. నేను స్కైడైవింగ్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, ఇప్పటికి 64 జంపులు పూర్తి చేశాను. బేస్ జంపింగ్ (భవనం, టవర్, వంతెన, కొండ లాంటి కదలని చోటి నుంచి పారాచూట్‌తో దూకడం) నేర్చుకోవాలన్న కోరిక మొదటి రోజు నుంచీ ఉంది. వచ్చే సీజన్‌లో తొలి జంపు చేయాలనుకుంటున్నాను. బేస్ మానేస్తున్న ఒక జంపర్ ఈ మధ్య తన రిగ్గును (ఒంటికి కట్టుకునే పారాచూట్ సామగ్రిని) మొత్తంగా అమ్ముతానని చెప్పారు. అందులో 220 చదరపు అడుగుల కెనోపీ (పారాచూట్ గుడ్డ), దానికి సరిపోయే కంటైనర్ (దాన్ని మడిచి పెట్టే వీపు సంచీ), కెనోపీని బయటికి లాగే చిన్న పారాచూట్, అంటే 36 అంగుళాల పైలట్ చూట్ ఒకటి ఉన్నాయి. నా బరువు 78 కిలోలు. విమానం నుంచి దూకేటప్పుడు నేను వాడేది 190 కెనోపీ కాబట్టి 220 నాకు ఇంకా విశాలంగానే ఉంటుందని నా లెక్క. రిగ్గు చేతిలో ఉంటే ఇంట్లోనే ప్యాకింగ్ సాధన చేసుకోవచ్చని, కోర్సుకు వెళ్ళేనాటికి సగం పని అయిపోతుందని అనుకుంటున్నాను. ఈ ఆలోచన సరైనదేనా? రిజర్వ్ పారాచూట్ (మొదటిది పనిచేయకపోతే తెరిచే రెండోది) లేకుండా దూకడానికి ముందు ఏయే నైపుణ్యాలు చేతికి రావాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1

మీరు అడిగిన తీరు చూస్తే బేస్ అంటే తక్కువ ఎత్తు నుంచి చేసే స్కైడైవింగ్ అని భావిస్తున్నట్టు అనిపించింది. తొలి రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను కనుక తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అసలు తేడా ఎత్తులో కన్నా గాలిలో ఎక్కువ ఉంది. విమానం తలుపు దాటగానే గంటకు 150 కిలోమీటర్లకు అటూ ఇటూగా వేగంతో గాలి ఒంటికి తగులుతుంది. ఆ గాలి మీద చేతులూ కాళ్ళూ ఆనించి శరీరాన్ని సరిచేసుకోవడమే మీరు ఇన్నాళ్ళూ నేర్చుకున్న విద్య. వంతెన అంచు నుంచి దూకినవారికి ఆ ఆసరా ఉండదు. మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడతారు, రెండు సెకన్లయ్యేసరికి 20 మీటర్లు, మూడు సెకన్లకు 44 మీటర్లు. ఈ కొద్ది సమయంలో గాలికి మిమ్మల్ని నిలబెట్టేంత బలం రాదు. అంటే, అంచు వదిలిన క్షణంలో మీ ఒళ్ళు ఏ తీరులో ఉందో, పారాచూట్ తెరుచుకునే క్షణంలోనూ దాదాపు అదే తీరులో ఉంటుంది. తల కొంచెం కిందికి వాలిందంటే ఇంకా వాలుతూనే పోతుంది, దాన్ని మధ్యలో ఆపడానికి మీ దగ్గర ఏ సాధనమూ ఉండదు.

అందుచేత నేర్చుకోవలసినవాటిలో మొదటిది అంచు వదలడం. ఛాతీ ఎత్తి, చూపును దూరంగా దిగంతం మీద నిలిపి, రెండు కాళ్ళతో సమానంగా నెట్టుకుంటూ వెళ్ళాలి. చెప్పడానికి ఇంతే. కానీ కింద ఏముందో చూడాలనే కోరిక అందరికీ కలుగుతుంది, చూపు కిందికి దిగితే తల దిగుతుంది, తల వెంట భుజాలు దిగుతాయి. హాట్ ఎయిర్ బెలూన్ నుంచి దూకే అవకాశం దొరికితే వదులుకోకండి. బెలూన్ గాలితో పాటే కదులుతుంది కాబట్టి అక్కడ కూడా మొదటి క్షణాల్లో ఒంటికి గాలి తగలదు. పైగా కావలసినంత ఎత్తూ, వీపు మీద రిజర్వూ ఉంటాయి.

రెండోది కెనోపీ నడపడం. నిజానికి ఎక్కువ కాలం పెట్టవలసింది దీని మీదే. మీ డ్రాప్‌జోన్‌లో (స్కైడైవింగ్ చేసే చోట) ఏడు సెల్‌ల, అంటే గాలి నిండే ఏడు గదుల, పెద్ద కెనోపీ ఒకటి అద్దెకు తీసుకొని కనీసం 50 జంపులు దానితోనే చేయండి. తెరుచుకోగానే టాగుల్స్ (బ్రేకు తీగల చివరి పిడులు) ముట్టుకోకుండా, బ్రేకులు బిగించి ఉండగానే వెనుక రైజర్లు (కెనోపీ తీగలను భుజాల దగ్గర కలిపే పట్టీలు) పట్టుకొని తిప్పడం అలవాటు చేసుకోండి. ఎందుకంటే, కొండ ముందు కెనోపీ కొండ వైపు తిరిగి తెరుచుకున్నప్పుడు టాగుల్స్ లాగితే బ్రేకులు విడిపోయి అది ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ముందు ఉన్నది రాయి. వెనుక రైజర్ పట్టుకుంటే ఆ దూకుడు లేకుండానే మలుపు తిరగవచ్చు. ఈ పని ఆలోచించి చేసేది కాదు. రైజర్ ఎక్కడుందో కళ్ళతో వెతకకుండా చేయి దానంతట అదే వెళ్ళే దాకా సాధన చేయాలి.

ఇక దిగడం. పది మీటర్ల వలయం గీసుకొని, ఎదురుగాలిలోనూ, నిశ్చలమైన గాలిలోనూ, అప్పుడప్పుడు పక్కగాలిలోనూ అందులోనే వరుసగా దిగగలుగుతున్నారో లేదో పుస్తకంలో రాసుకోండి. బాగా దిగినవి మాత్రమే గుర్తుండటం మనిషి సహజగుణం, అందుకే రాసుకోమంటున్నాను.

జవాబు 2

పైన చెప్పిన మాటలన్నీ సరైనవే. నేను సామగ్రి సంగతి చెబుతాను.

మీ 78 కిలోలకు బట్టలు, హెల్మెట్, రిగ్గు కలిపితే 88 కిలోల దాకా అవుతుంది, అంటే 194 పౌండ్లు. బేస్‌లో కొత్తగా అడుగుపెట్టేవారికి చదరపు అడుగుకు 0.7 పౌండ్ల దగ్గర ఉండటం మంచిదని చాలామంది పాటించే లెక్క. ఆ లెక్కన మీకు 275 నుంచి 280 చదరపు అడుగుల కెనోపీ కావాలి. 220 మీద చదరపు అడుగుకు 0.88 పౌండ్లు పడుతుంది. స్కైడైవింగ్ కళ్ళతో చూస్తే అది తక్కువే, కానీ స్కైడైవర్ దిగేది చదునైన పచ్చిక మీద, బేస్ జంపర్ దిగేది చాలాసార్లు బండల మధ్య, పొదల మధ్య, ఏటి ఒడ్డున నాలుగు అడుగుల జాగాలో. అక్కడ నిదానంగా, నిటారుగా దిగగలిగే కెనోపీ కావాలి. కంటైనర్ 220 కెనోపీ కోసం కుట్టినదైతే 280 అందులో పట్టదు. కాబట్టి మీకు మిగిలేది ఒక్క పైలట్ చూట్.

అదీ మీకు పనికిరాదు. 36 అంగుళాల పైలట్ చూట్ ఎక్కువసేపు పడి బాగా వేగం అందుకున్నాక తెరిచేవారి కోసం. వేగం ఎక్కువ కాబట్టి చిన్నదైనా గట్టిగా లాగుతుంది. కొత్తవారు చేసేది ఒకటి రెండు సెకన్ల జంపు, అప్పుడు గాలి వేగం తక్కువ, చిన్న పైలట్ చూట్‌కు కెనోపీని బయటికి లాగే బలం చాలదు. దానికి 42 అంగుళాలదో, ఇంకా తక్కువ ఎత్తు అయితే 46, 48 అంగుళాలవో వాడతారు. అన్ని జంపులకూ ఒకే కొలత పైలట్ చూట్ చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

స్లైడర్ (తీగల మీదుగా కిందికి జారే గుడ్డ ముక్క) కూడా ఇటువంటిదే. వేగంగా పడుతున్నప్పుడు అది కెనోపీ ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపి ఒంటికి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. తక్కువ వేగంలో అదే స్లైడర్ తెరుచుకోవడాన్ని ఆలస్యం చేసి ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి తక్కువ ఎత్తు జంపుల్లో దాన్ని కింద కట్టేస్తారు, లేదా తీసేస్తారు. స్లైడర్ కింద ఉన్నప్పుడు బ్రేకు తీగ రైజర్ మీది రింగులోంచి పోకుండా అమర్చుకునే పద్ధతి ఒకటుంది. కెనోపీ మీదుగా తీగ అడ్డం పడితే ఆ టాగుల్‌ను పూర్తిగా వదిలేసి తీగను జారిపోనివ్వడానికి అది వీలు కల్పిస్తుంది. ఆ తర్వాత వెనుక రైజర్లతో నడుపుకుంటూ దిగాలి. ఈ అమరిక, తోకలో తీగలు పట్టి ఉంచే చిన్న సంచీ, అడుగు పొరలో గాలి త్వరగా లోపలికి వెళ్ళడానికి పెట్టిన వెంట్లు, ఇవన్నీ ఉన్న కెనోపీ తీసుకోండి. స్కైడైవింగ్ కెనోపీకి మార్పులు చేసి వాడతామనేవారి మాట వినకండి.

వాడిన సామగ్రి కొనడం తప్పేమీ కాదు, నేను మొదట కొన్నదీ వాడినదే. తీగలు ఎప్పుడు మార్చారు, నీళ్ళలో ఎన్నిసార్లు పడింది, ముఖ్యంగా ఉప్పునీళ్ళలో పడిందా, పైలట్ చూట్ గుడ్డ పలచబడిందా అని అడగండి. హార్నెస్ మీ ఒంటికి సరిపోవాలి. వేలాడదీసుకొని చూడకుండా కొనకండి. బేస్‌లో రిజర్వ్ ఎందుకుండదో మీకు తెలిసే ఉంటుంది: ఒకటి విఫలమైందని గుర్తించి, దాన్ని వదిలించుకొని, రెండోది తెరవడానికి కావలసిన ఎత్తే అక్కడ లేదు. ఉన్న ఒక్కదాని చరిత్ర తెలుసుకోవడం అందుకే అవసరం.

ఒక చిన్న మాట. బూట్లు కొనేటప్పుడు తాళ్ళు పెట్టే చోట కొక్కేలు లేనివి చూసుకోండి. తెరుచుకునే తీగ వాటికి తగులుకోగలదు. హెల్మెట్, మోకాలి కవచం, మోచేతి కవచం ఎలాగూ తప్పవు.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ రిగ్గు వద్దని చెప్పేశాను. మరో సందేహం. వంతెన కంటే ఎత్తైన కొండ మీద నేర్చుకోవడం సురక్షితం కాదా? ఎత్తు ఎక్కువైతే ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది కదా?

జవాబు 3

ఎత్తు గురించి మీరన్నది సహజమైన ఆలోచనే, కానీ బేస్‌లో ప్రాణాలు తీసేది ఎక్కువగా నేల కాదు, పక్కనున్న గోడ. కెనోపీ ఎంత జాగ్రత్తగా ప్యాక్ చేసినా అప్పుడప్పుడు పక్కకు తిరిగి, ఒక్కోసారి పూర్తిగా వెనక్కి తిరిగి తెరుచుకుంటుంది. ప్యాకింగ్‌లో ఎడమ కుడి తేడాలు, భుజం వంకర, గాలి, ఏదైనా కారణం కావచ్చు. వంతెన నడిమధ్య నుంచి దూకితే అలా తిరిగినా మీ ముందున్నది ఖాళీ. కొండ దగ్గర అదే తిరుగుడుకు ముందున్నది రాయి. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నది మీద ఉన్న పెర్రీన్ వంతెన ప్రపంచవ్యాప్తంగా కొత్తవారికి మొదటి బడిగా మారడానికి కారణం ఇదే. ఎత్తు 148 మీటర్లు, కింద నీళ్ళు, ఒడ్డున దిగే చోటు, ఏడాది పొడవునా ప్రత్యేక అనుమతి లేకుండా దూకడానికి వీలు. తొలి జంపులో పక్కనున్నవారు మీ పైలట్ చూట్‌ను చేత్తో పట్టుకొని ఉంటారు, మీరు పడుతుండగా బ్రైడిల్ (పైలట్ చూట్‌ను కెనోపీకి కలిపే పొడవాటి పట్టీ) బిగిసి కంటైనర్ తెరుచుకుంటుంది, ఆ తర్వాత అది వారి చేతిలోంచి జారిపోతుంది. మీ పని సరిగ్గా అంచు వదలడం మాత్రమే. కెనోపీ విచ్చుకున్నాక నేలకు చేరడానికి ఇంచుమించు 20 సెకన్లు ఉంటాయి, ఆ లోపే దిశ సరిచూసుకొని, గాలి గమనించి, దిగాలి.

కొండల లెక్క ఒకటి మీ ముందు పెడతాను. నార్వేలోని కెరాగ్ కొండగోడ దాదాపు 1000 మీటర్లది. అక్కడ 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 జంపులను పరిశీలిస్తే 9 మరణాలు నమోదయ్యాయి, అంటే సుమారు 2,300 జంపులకు ఒకటి. ఎత్తు దండిగా ఉన్న చోటే ఇది పరిస్థితి. మిమ్మల్ని భయపెట్టి వెనక్కి పంపాలని కాదు, ఇది తెలిసి నిర్ణయించుకోవడం మీ హక్కు.

నాకు జరిగినది కూడా చెప్పాలి. నా పద్దెనిమిదో బేస్ జంపుకు వంతెన కమ్మీ దాటి నిలబడ్డాను. ప్యాకింగ్ నేనే చేశాను, రెండుసార్లు చూసుకున్నాను, మనసు ప్రశాంతంగా ఉంది. పక్కనున్న గురువుగారు ఏమీ మాట్లాడకుండా నా వీపు వెనక చేయి పెట్టి, కంటైనర్‌ను మూసి ఉంచే పిన్ను దగ్గర మొదలుపెట్టి బ్రైడిల్ వెంట వేళ్ళు పోనిచ్చారు. కుడి తొడ దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి. లెగ్ స్ట్రాప్ బిగించేటప్పుడు బ్రైడిల్ దాని కిందికి వెళ్ళింది. అలాగే దూకి ఉంటే పైలట్ చూట్ గాలిలోకి వెళ్ళి, నా తొడను లాగి, అక్కడే ఆగేది. పిన్ను కదిలేది కాదు. ఆయన నన్ను కమ్మీ ఇవతలికి రమ్మన్నారు, స్ట్రాప్ విప్పి మళ్ళీ కట్టించారు, ఆ రోజు ఇక దూకవద్దన్నారు. నేను చూసుకున్న రెండుసార్లూ పిన్ను చూశాను, పైలట్ చూట్ చూశాను, మధ్యలో ఉన్న తొమ్మిది అడుగుల పట్టీని చూడలేదు. అప్పటి నుంచి స్ట్రాపులు బిగించిన తర్వాతే, ముందు కాదు, పిన్ను నుంచి పైలట్ చూట్ దాకా పట్టీ మొత్తాన్ని వేళ్ళతో తడిమి చూస్తాను, పక్కనున్నవారిని కూడా చూడమంటాను. ఒంటరిగా ఎప్పుడూ దూకలేదు.

జవాబు 4

జంపుల సంఖ్య ఎవరూ స్పష్టంగా చెప్పలేదు కనుక రాస్తున్నాను. బేస్ మొదటి కోర్సులో చేరడానికి 200 స్కైడైవ్‌లు ఉండాలన్న మాట తరచుగా వినిపిస్తుంది. దాన్ని కనీసపు గీతగానే తీసుకోండి. 500 జంపులు చేసి కూడా చిన్న, వేగమైన కెనోపీలు తప్ప మరేవీ నడపనివారికంటే, 220 జంపుల్లో 100 పెద్ద ఏడు సెల్‌ల కెనోపీతో చేసి, దిగిన ప్రతిసారీ గురి నుంచి ఎన్ని మీటర్ల దూరంలో పడ్డారో రాసుకున్నవారిని నేను ముందు కోర్సులోకి తీసుకుంటాను. ఈ విషయంలో నాతో ఏకీభవించనివారూ ఉన్నారు, వారి కారణాలు వారికున్నాయి.

ఇంట్లో ప్యాకింగ్ సాధన గురించి మొదట అడిగారు. నేర్పేవారు పక్కన లేకుండా మొదలుపెట్టకండి. బేస్ ప్యాకింగ్‌లో ఒక్కొక్క తీగ గుంపును వేరు చేసి, గుడ్డ మడతలను ఎడమ కుడి సమానంగా పేర్చి, క్లాంపులతో బిగించి, ముందు అంచు తెరిచి ఉంచి, ఆఖరున తీగలను తోక సంచీలో అమరుస్తారు. మొదట్లో దీనికి గంట పైనే పడుతుంది. చేతికి ఒకసారి పడిన తప్పు అలవాటును మాన్పడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. నా దగ్గరికి వచ్చినవారిలో ఇలా సొంతంగా నేర్చుకొని వచ్చిన ఒకరు మడతలన్నీ చక్కగా వేశారు, కానీ స్లైడర్ కింద ఉంచవలసిన జంపుకు దాన్ని పైనే ఉంచి మూసేశారు. బయటి నుంచి చూస్తే ఆ రిగ్గులో ఏ లోపమూ కనిపించదు. మీరు ఇప్పుడు చేయగలిగింది, మీరు నేర్చుకోవాలనుకుంటున్న శిక్షకుడికి లేదా గురువుకు ఉత్తరం రాసి, మీ 64 జంపులూ ఏ కెనోపీతో, ఏ గాలిలో చేశారో చెప్పి, ఇంకా ఏమేమి చేసి రమ్మంటారో అడగడం. బాధ్యత తెలిసినవారైతే వచ్చే సీజన్ కాదు, ఆ తర్వాతి సీజన్ చూద్దామంటారు. కోర్సులో మీకు సరిపోయే రిగ్గు వారే ఇస్తారు, దాని మీద కొన్ని జంపులు చేశాక మీ కొలతకు తగిన కంటైనర్, కెనోపీ ఏవో వారితోనే చర్చించి కొనుక్కోండి. బ్రేకులు ఎంత లోతున బిగించాలో కూడా అప్పుడే, మీ బరువుతో, ఆ కెనోపీ మీదే తేల్చుకోవాలి.