పాత పవర్ యాంప్ కొనాలా, అదే డబ్బుకు కొత్తది కొనాలా?

కోఠీ శ్రోత:
8 ఓమ్స్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ప్రీ-యాంప్ నా దగ్గర ఉన్నాయి. ఒకాయన పాత జపాన్ పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) అమ్ముతున్నారు. ఛానెల్‌కి 100 వాట్లు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అంతే డబ్బుకి వారంటీతో కొత్త క్లాస్-డి (స్విచ్చింగ్‌తో పనిచేసే తేలికపాటి రకం) యాంప్ వస్తోంది. హాల్లో పాటలు వినడానికే. ఏది తీసుకోమంటారు?

వారంటీ వాది:
కొత్తదే తీసుకోండి. ముప్పై నలభై ఏళ్ల యాంప్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. హమ్ (గుయ్యిమనే శబ్దం) మొదలవుతుంది, ఆ తర్వాత మెకానిక్ చుట్టూ తిరగడమే. వాట్లు చూసి కూడా ఆశపడకండి. 50 నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే.

సోల్డరింగ్ ఐరన్:
3 డెసిబెల్స్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాది ఒప్పుకోను. కెపాసిటర్లు ఎండితే మార్చుకోవచ్చండీ, అవి బజార్లో దొరికే సరుకే. కొత్త క్లాస్-డి బోర్డులో చిప్ పోయిందనుకోండి, వారంటీ దాటాక చాలాసార్లు బోర్డే మార్చమంటారు. పాత యాంప్‌లో ట్రాన్సిస్టర్ పోతే ట్రాన్సిస్టరే మారుస్తాం. అందుకే నా ఓటు పాతదానికి. కాకపోతే బరువు, బ్రాండు చూసి మాత్రం డబ్బులివ్వకండి.

మల్టీమీటర్ పట్టుకెళ్లండి. స్పీకర్లు తగిలించకుండా ఆన్ చేయండి. కొన్ని సెకన్లకు లోపల రిలే (స్పీకర్లను యాంప్‌కి కలిపే స్విచ్) టక్‌మంటుంది. అప్పుడు మీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద చూడండి, రెండు ఛానెళ్లూ. 50 లోపు ఉంటే భయం లేదు. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూడండి. వందల్లోకి పాకుతుంటే వచ్చేయండి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి, స్పీకర్లను కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్ కూడా పని చేయకపోతే, లోపలి సప్లై వోల్టేజీ నేరుగా స్పీకర్ మీదకే వస్తుంది. స్పీకర్ లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, మాడిపోతుంది. యాంప్ ఖర్చుకి స్పీకర్ల ఖర్చూ తోడవుతుంది.

అమ్మేవాళ్లు సౌండు దంచి వినిపిస్తారు. మీరు బాగా తగ్గించి వినండి. రిలే కాంటాక్టులు నల్లబడితే సన్నటి సౌండులో ఒక పక్క గరగరలాడుతుంది, లేదా మాయమవుతుంది. వాల్యూమ్ పెంచగానే ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. అది చిన్న రిపేరే, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

మూత తీయించండి. ఉబ్బిన కెపాసిటర్లు, రెసిస్టర్ల చుట్టూ గోధుమ రంగుకి తిరిగిన బోర్డు కనిపిస్తే ఆగండి. ట్రాన్సిస్టర్లు ఒకసారి మార్చినవైతే ఇంకా జాగ్రత్త, తోషిబా సీ5200, ఏ1943 జతకి నకిలీలు విపరీతం. లోపల ఎస్‌టీకే ఐసీ (ఔట్‌పుట్ భాగమంతా ఒకే ముక్కలో ఉండే చిప్) ఉంటే నేనైతే ముట్టుకోను. అది పోతే అసలుది దొరకడం గగనం.

వారంటీ వాది:
మీకు చేతిలో పని ఉంది కాబట్టి చెబుతున్నారు. మీటరే పట్టని మనిషికి ఇది సలహానా?

సోల్డరింగ్ ఐరన్:
న్యాయమైన ప్రశ్నే. పాత సెట్లు విప్పే మెకానిక్ తెలిసినవాళ్లలో లేకపోతే కొత్తదే కొనుక్కోవాలి. ఉంటే అతన్ని వెంట తీసుకెళ్లండి, కూలి ఇవ్వండి.

కోఠీ శ్రోత:
మెకానిక్ ఉన్నాడు. కానీ యాంప్ వెనక 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని ఉంది. అమెరికా నుంచి సామానుతో తెచ్చుకున్నారట. వోల్టేజీ తగ్గించే 300 వాట్ల స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉచితంగా ఇస్తామంటున్నారు.

సోల్డరింగ్ ఐరన్:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! రెండు ఛానెళ్లూ కలిపి 200 వాట్లు స్పీకర్లకి ఇవ్వాలంటే గోడ నుంచి అది 300 దాటి లాగుతుంది. 1 కేవీఏ (సుమారు 1000 వాట్ల) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దానికి తోడు మన కరెంటు 50 హెర్ట్జ్. 60కి లెక్కవేసి చుట్టిన యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మీద ఇక్కడ 20 శాతం ఎక్కువ ఫ్లక్స్ (అయస్కాంత భారం) పడుతుంది. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని గుయ్యిమంటూ వేడెక్కుతాయి. వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉందేమో చూడండి. 220 లేదా 240 ఉంటే నిశ్చింతగా మెకానిక్‌తో వెళ్లండి. లేకపోతే 1 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు ధరలో కోయమనండి, అరగంట పరీక్షలో ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. కోయనంటే ఈసారికి వారంటీ వాది గారి మాటే వినండి.