‘వర్క్‌లెస్ హౌస్‌హోల్డ్’ని తెలుగులో ఏమందాం?

(మాట్లాడేవాళ్ల పేర్లకి బదులు విశాఖలో వాళ్ల పేటల పేర్లున్నాయి.)

సీతమ్మధార: బ్రిటన్‌లో ఉద్యోగాల లెక్కల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘వర్క్‌లెస్ హౌస్‌హోల్డ్’ దగ్గర బండి ఆగింది. అక్కడి జాతీయ గణాంకాల కార్యాలయం వాడే మాట అది. 16 నుంచి 64 ఏళ్ల వయసువాళ్లు కనీసం ఒకరుండి, ఆ ఇంట్లో పెద్దలెవరూ పనిలో లేకపోతే దాన్ని ఈ లెక్కలో వేస్తారు. నేను ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచి పంపితే ఎడిటర్ గారు ‘నిరుద్యోగ కుటుంబం’ అని దిద్ది పంపారు. నాకు మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

ద్వారకానగర్: తప్పేముందండీ? ఉద్యోగం లేదు, కాబట్టి నిరుద్యోగం. పేపర్ చదివే ప్రతివాడికీ తెలిసిన మాట. ‘పనిలేని కుటుంబం’ అని రాస్తే ‘పనీపాటా లేని’ అన్నట్టు తిట్టులా వినబడుతుంది.

ఎంవీపీ కాలనీ: ‘పొయ్యిలో పిల్లి లేవని ఇల్లు’ అనండి, అచ్చ తెలుగు.

సీతమ్మధార: అచ్చ తెలుగే గానీ అర్థం వేరు కదండీ. ఆ ఇళ్లలో పెన్షన్ వస్తుంది, ప్రభుత్వ సాయం వస్తుంది. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

గాజువాక (కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను): ఎడిటర్ గారి మాట ఒప్పుకోవద్దమ్మా. గణాంకాల్లో నిరుద్యోగి అంటే పని లేని ప్రతివాడూ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిని బ్రిటన్ వాడే తీరు ప్రకారం, పని లేకపోవాలి, గత 4 వారాల్లో వెతికి ఉండాలి, 2 వారాల్లో చేరడానికి సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ ఉంటేనే నిరుద్యోగి. వెతకడం మానేసినవాడు ఆ గడి లోంచి జారిపోయి ‘శ్రామిక శక్తిలో లేనివారు’ అనే గడిలో పడతాడు. మీరు చెప్పే ఇళ్లలో ఎక్కువమంది ఆ రెండో గడివాళ్లే. దీర్ఘకాలంగా జబ్బుపడ్డవాళ్లు, వికలాంగులు, ముందే రిటైరైనవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లనో చంటిపిల్లల్నో చూసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు. ఎవరూ పనిలో లేకపోతే నలుగురు విద్యార్థులు అద్దెకుండే ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. అందుకే విద్యార్థుల ఇళ్లను తీసేసిన అంకెలు వేరుగా ఇస్తారు. వీళ్లందరినీ నిరుద్యోగులు అంటే లెక్కే తప్పుతుంది.

ఇంకో సంగతి. అక్కడ ఈ అంకె బయటికొచ్చినప్పుడల్లా ‘మూడు తరాలుగా ఎవరూ పనికి పోని ఇళ్లు’ అని రాజకీయ నాయకులు మాట్లాడటం ఒక అలవాటు. పేదరికం మీద పరిశోధనలు చేయించే జోసెఫ్ రౌన్‌ట్రీ ఫౌండేషన్ 2012లో వేసిన అధ్యయనంలో పరిశోధకులు గ్లాస్గో, మిడిల్స్‌బ్రో పేదవాడల్లో అలాంటి కుటుంబాల కోసం పనిగట్టుకుని తిరిగారు. ఒక్కటీ కనబడలేదు. లెక్క ఒక రోజున తీసిన ఫోటో. దాన్ని వంశచరిత్రలా చదివితే ఎలా? మీరు ‘కుటుంబం’ అని రాస్తే తెలుగు పాఠకుడికి తరాల వాసన ఇంకా ఎక్కువ కొడుతుంది. పైగా ఒంటరిగా ఉండే మనిషిని కుటుంబం అనలేం. ‘ఇల్లు’ అనండి చాలు.

ద్వారకానగర్: మాస్టారూ, మరి నా సంగతి? డిగ్రీ అయింది, గ్రూప్స్‌కి కోచింగ్. నిరుద్యోగుల ధర్నా అంటే మొదట వెళ్లేది నేనే. మీ లెక్కలో నేను నిరుద్యోగిని కానా?

గాజువాక: సర్వే మనిషికి ‘చదువుకుంటున్నాను, ఇప్పుడు పని చూడటం లేదు’ అని చెబితే కావు నాయనా. నిన్ను శ్రామిక శక్తిలోనే కలపరు.

ద్వారకానగర్: బాగుంది. ధర్నాలో నిరుద్యోగి, లెక్కలో మాయం.

సీతమ్మధార: ఇక్కడే నాకో అనుమానం. తెలుగులో ‘నిరుద్యోగి’ అంటే చదువుకున్నవాడే కళ్లముందు మెదులుతాడు. 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యువనేస్తం పథకం కింద నెలకు 1,000 రూపాయల నిరుద్యోగ భృతి ఇచ్చినప్పుడు కూడా డిగ్రీ, డిప్లొమా వాళ్లకే కదా. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, తొమ్మిది దాటినా మేస్త్రి పిలవక ఇంటికి తిరిగెళ్లే మనిషిని ఎవరం నిరుద్యోగి అనం. ‘ఈరోజు పని దొరకలేదు’ అంటాం. నిజానికి మాస్టారు చెప్పిన మూడు షరతులూ అతనికే సరిగ్గా సరిపోతాయి.

ఎంవీపీ కాలనీ: మాటలోనే ఉందండీ ఆ పక్షపాతం. సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం నౌకరీల గురించి కాదు, యుద్ధ సన్నాహం గురించి. అలా చూస్తే నిరుద్యోగి అంటే ప్రయత్నం లేనివాడు! రోజూ దరఖాస్తులు పెట్టేవాడికి ఆ పేరు. ‘భృతి’ అంటే కూలి. పని లేనందుకు కూలి అన్నమాట.

గాజువాక: వ్యుత్పత్తితో లెక్కలు నడవవు లెండి. పూర్వం ఏ అర్థమున్నా ఇప్పుడు ఆ మాట స్థిరపడింది.

జాలరిపేట: మాస్టారూ, మా ఇంటి లెక్క కూడా చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మా నాన్న, బాబాయి ఇద్దరూ బోటు మీదకే వెళ్తారు. మే నెలలో సర్వేవాళ్లు వచ్చి తలుపు కొడితే మాది ఏ ఇల్లు?

గాజువాక: మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. మన దేశంలో ఉద్యోగాల లెక్క తీసే ప్రభుత్వ సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో రెండు కొలతలున్నాయి. ఒకటి గడిచిన 365 రోజులు చూస్తుంది. దాని ప్రకారం మీ నాన్నగారు పనిలో ఉన్నట్టే, వేటే వృత్తి. రెండోది గడిచిన 7 రోజులే చూస్తుంది. అందులో ఏ ఒక్క రోజైనా గంట పని చేస్తే చాలు. సొంత వలలు బాగుచేసుకున్నా, పడవకి మరమ్మతు చేసుకున్నా పనే. ఇలాంటి తేడాల వల్లే రెండు అంకెలూ కలవవు. 2023–24లో 15 ఏళ్లు దాటినవాళ్లలో నిరుద్యోగ రేటు ఏడాది లెక్కన 3.2 శాతం, వారం లెక్కన 4.9 శాతం. టీవీలో ఒకడు మొదటిది, ఇంకొకడు రెండోది పట్టుకుని కొట్టుకుంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు.

జాలరిపేట: మా నాన్ననడిగితే ‘వేట లేదు’ అంటాడంతే. ‘ఖాళీగున్నాను’ అని ఎప్పుడూ అనలేదు. రోజంతా వల ముందేసుకుని కూర్చుంటాడు, ఖాళీ ఎక్కడిది!

సీతమ్మధార: ఈ జవాబు వ్యాసంలో పెట్టుకోవచ్చా? పేరు రాయను.

జాలరిపేట: పెట్టుకోండి మేడమ్.

ద్వారకానగర్: సరే, ఇంతకీ మాట ఏది? ‘ఎవరూ పని చేయని ఇల్లు’?

సీతమ్మధార: ‘చేయని’ అంటే చేయగలిగీ చేయట్లేదనే నింద తగులుతుంది. ‘పని లేని’ అంటే పని కోసం చూస్తున్నారనే అర్థం తోస్తుంది. మంచం మీదున్న మనిషికి రెండూ అతకవు. ‘పనిలో ఎవరూ లేని ఇల్లు’ అయితే? ఎందుకు లేరన్నది ఆ మాట చెప్పదు. లెక్క కూడా చెప్పదు.

గాజువాక: ఇది బాగుంది. కాకపోతే ‘పనిలో ఉండటం’లో సొంత కొట్టు, సాగు కూడా వస్తాయని మొదటిసారి వాడినచోట ఒక వాక్యం రాయండి. లేకపోతే మనవాళ్లు జీతం ఒక్కటే పని అనుకుంటారు.

ఎంవీపీ కాలనీ: ‘లాంగ్‌టర్మ్ అన్‌ఎంప్లాయ్‌మెంట్’కి ఏం రాశారు? ‘దీర్ఘకాలిక నిరుద్యోగం’ అంటే నాకు షుగరూ బీపీ గుర్తొస్తాయి.

సీతమ్మధార: ‘ఏడాది దాటిన నిరుద్యోగం’ అని రాశాను. బ్రిటన్‌లో హద్దు 12 నెలలు కాబట్టి సరిపోయింది. కానీ వ్యాసంలో అమెరికా పేరా ఒకటుంది, అక్కడ హద్దు 27 వారాలు. ఆ ఒక్క పేరాలో ‘దీర్ఘకాలిక’ అనక తప్పేట్టు లేదు.

గాజువాక: అనక్కర్లేదు. ‘27 వారాలు, అంతకు మించి’ అని అంకె వేసేయండి. అంకెకి అనువాదం అక్కర్లేదు.

ద్వారకానగర్: ‘పనిలో ఎవరూ లేని ఇళ్లు’ హెడ్డింగులో పడుతుందా? ఎడిటర్ గారికి రెండు మాటలకి మించి చోటుండదు.

సీతమ్మధార: హెడ్డింగ్ ఆయనిష్టం. లోపల ‘నిరుద్యోగ కుటుంబం’ కనబడితే మాత్రం నా పేరు తీసేయమన్నాను.