ఇంద్రియ న్యూరాన్లకు ఎన్‌జీఎఫ్ దారి చూపుతుందా, ప్రాణం మాత్రమే నిలుపుతుందా?

కణదర్శి:
ఎన్‌జీఎఫ్ (నాడీ వృద్ధి కారకం) వంటి సంకేత ప్రోటీన్లే ఇంద్రియ న్యూరాన్ల, అంటే నొప్పి, స్పర్శ వంటి వాటిని గ్రహించే నాడీకణాల, స్వభావాన్ని నిర్ణయిస్తాయని ఇక్కడ పదే పదే రాస్తున్నారు. నేను అంగీకరించను. రీటా లెవీ-మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ తెచ్చిన పరిశోధన చెప్పినది వేరు. పిండంలో న్యూరాన్లు అవసరానికి మించి పుడతాయి. చర్మం వంటి కణజాలాలు విడుదల చేసే కొద్దిపాటి ఎన్‌జీఎఫ్‌ను అందుకోగలిగినవి మిగులుతాయి, తక్కినవి నశిస్తాయి. ఏది నొప్పిని గ్రహించాలో, ఏది కండరపు సాగుదలను గ్రహించాలో న్యూరోజెనిన్, రన్‌ఎక్స్ వంటి జన్యు నియంత్రకాలు ముందే తేలుస్తాయి.

నాడీపథం:
బతకడాన్నీ ఎదగడాన్నీ విడదీసి చూసిన ప్రయోగాన్ని మీరు వదిలేశారు. కణాన్ని చావు వైపు నెట్టే బ్యాక్స్ జన్యువును, ఎన్‌జీఎఫ్ జన్యువుతో పాటే తొలగించిన ఎలుకల్లో న్యూరాన్లు చావలేదు. అయినా వాటి తంతువులు చర్మంలోకి అల్లుకోలేదు, నొప్పి న్యూరాన్లలో ఉండవలసిన సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్ పీ అనే సంకేత పదార్థాలు కనిపించలేదు. ప్రాణం నిలపడమే ఎన్‌జీఎఫ్ పని అయితే, ప్రాణాలతో ఉన్న ఆ కణాలకు ఏమి లోటు వచ్చినట్టు? పైగా 2004లో ఎన్‌జీఎఫ్‌ను అందుకునే ట్రాక్-ఏ గ్రాహకం స్థానంలో, కండరస్థితిని గ్రహించే న్యూరాన్లలో ఉండే ట్రాక్-సీ అనే మరో గ్రాహకాన్ని పెట్టగా, నొప్పి న్యూరాన్లు కావలసిన వాటిలో కొన్ని కండరస్థితిని గ్రహించే న్యూరాన్ల లక్షణాలు పొందాయి.

కణదర్శి:
“కొన్ని” అని మీరే రాశారు. తక్కినవి ఎందుకు మారలేదు?

విద్యార్థి:
ట్రాక్-సీ లేని ఎలుకల్లో కండరస్థితిని గ్రహించే న్యూరాన్లే లోపిస్తాయి కదా, దానిని ఎవరి పక్షాన లెక్కించాలి?

నాడీపథం:
కణదర్శి గారూ, ఒక్క మాట పట్టుకుని బ్యాక్స్ ప్రయోగాన్ని దాటవేయకండి. మా అక్క కొడుకుకు పుట్టుకతోనే నొప్పి తెలియదు, చెమట పట్టదు. ట్రాక్-ఏను తయారుచేసే ఎన్‌టీఆర్‌కే1 జన్యువులో లోపం ఉంది. కాలిన చేతితో వాడు ఆడుకుంటూ ఉండగా, ఒక వైద్యుడు “నరాలు చచ్చిపోయాయి, అంతే” అని మమ్మల్ని పంపేశారు. మీ వాదన వింటే నాకు ఆ “అంతే” వినిపిస్తుంది.

కణదర్శి:
మీ బాధకు నేను తల వంచుతాను. కానీ అది రుజువు కాదు. ఆ వ్యాధిలో నొప్పిని మోసే సన్నని తంతువులు లోపించడం నా వాదననే బలపరుస్తుంది. బ్యాక్స్ ప్రయోగం గురించి కూడా చెబుతాను: అక్కడ ఆగిపోయినది ఎదుగుదల. ఆ కణాలు మరో జాతి న్యూరాన్లుగా మారలేదు. పిండ మూలకణాల నుంచి నొప్పి న్యూరాన్లను పెంచేవారు మొదట వింట్ అనే సంకేత మార్గాన్ని ప్రేరేపిస్తారు. ఎన్‌జీఎఫ్‌ను తరువాతి దశలో, పరిపక్వత కోసం చేరుస్తారు.

నాడీపథం:
వింట్ కూడా సంకేత ప్రోటీనే. ఇంద్రియ న్యూరాన్లతో పాటు అనేక రకాల కణాలుగా మారగల నాడీశిఖర కణాల్లో (ఇవి పిండంలోనివి) ఆ మార్గాన్ని నిరంతరం పనిచేయిస్తే, అవి ఇతర రకాల కణాలుగా మారడం మాని దాదాపు అన్నీ ఇంద్రియ న్యూరాన్లే అయ్యాయి. బయటి సంకేతం కణపు స్వభావాన్ని నిర్ణయించగలదని మీ ఉదాహరణే చెబుతోంది.

కణదర్శి:
వింట్‌కు ఆ పాత్ర ఉందని నేను ఎన్నడూ కాదనలేదు. ఇంద్రియ న్యూరాన్ కావాలా వద్దా అన్న తొలి దశలో బయటి సంకేతం నిర్ణేత. ఏ రకం ఇంద్రియ న్యూరాన్ అన్న రెండవ దశలో కాదంటున్నాను.

నాడీపథం:
మన పేచీ అంతా ఆ రెండవ దశ దగ్గరే ఉందన్నమాట. ఆ దశలోనూ తలుపు పూర్తిగా మూసుకోలేదని నేనంటాను. ట్రాక్-సీతో మారిన ఆ “కొన్ని” కణాలే నా ఆధారం. అవి మిగిలినవాటికంటే ముందు పుట్టినవా, వాటిలో కండరస్థితి న్యూరాన్లకు దారి చూపే నియంత్రకం రన్‌ఎక్స్3 అప్పటికే ఉందా అన్నది చూపండి, అప్పుడు మీ మాట వింటాను.