బొమ్మ కళ్ల ముందుకు రాకపోతే చూసినవి గుర్తుండవా?

ప్రశ్న:
అమ్మ ముఖం తలుచుకోమంటే నాకు ఏమీ కనిపించదు, అంతా చీకటే. అయినా ఆవిడ చెంప మీద పుట్టుమచ్చ ఏ పక్కన ఉందో ఠక్కున చెప్తాను. మా చెల్లేమో చిన్నప్పటి గది మొత్తం సినిమాలా కనిపిస్తుందంటుంది. అంటే తనకి నాకంటే బాగా గుర్తున్నట్టా? పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
భయపడకండి, ఇది జబ్బు కాదు. అఫాంటేసియా అంటారు, 2015లో ఆడమ్ జెమన్ అనే న్యూరాలజిస్టు బృందం పెట్టిన పేరు. 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త, పొద్దున టిఫిన్ తిన్న బల్లని ఊహించుకోమని అడిగితే ఏ బొమ్మా రావట్లేదన్నవాళ్లు ఉన్నారు.

జవాబు 2:
బొమ్మ కనిపించడానికీ గుర్తుండడానికీ అసలు సంబంధమే లేదనుకోకూడదు. ఊహలో బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందో కొలవడానికి డేవిడ్ మార్క్స్ అనే సైకాలజిస్టు 1973లో 16 ప్రశ్నలు తయారుచేశారు. ఫొటోలు చూపించి తర్వాత వాటి గురించి అడిగితే, స్పష్టంగా ఊహించేవాళ్లే ఎక్కువ సరిగ్గా చెప్పారు. తర్వాతి పరిశోధనలన్నిటిలో మాత్రం అలా రాలేదు.

జవాబు 3:
నాకు బాగా నచ్చింది 2021లో విల్మా బైన్‌బ్రిడ్జ్ బృందం చేసిన పని. గదుల ఫొటోలు చూపించి, అవి తీసేశాక గుర్తున్నంత గీయమన్నారు. మీలాంటివాళ్లు వస్తువులు తక్కువ గీశారు, రంగులూ తక్కువే వాడారు, కానీ ఏ వస్తువు ఎక్కడుంది, ఎంత సైజు అన్నది మిగతావాళ్లలాగే సరిగ్గా వేశారు, పైగా ఫొటోలో లేనివి చేర్చడం వాళ్లలోనే తక్కువ. అంటే వస్తువు ఎలా ఉందన్నదీ ఎక్కడుందన్నదీ మనసులో ఒకే చోట దాచుకునేవి కావేమో అనిపిస్తుంది. మీకు రెండోది గట్టిగానే ఉంది, పుట్టుమచ్చ మాటే సాక్ష్యం.

జవాబు 4:
నేను మీ చెల్లి టైపు. మా పాత ఇంటి తలుపుకి ఆకుపచ్చ తెర ఉండేదని ఏళ్లపాటు వాదించాను, గాలికి ఊగడం కూడా కనిపించేది. ఆల్బమ్ తీసి చూస్తే అక్కడ తెరే లేదు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత గట్టిగా నమ్మేస్తాం, అదే ప్రమాదం. మీ చెల్లినీ పాత ఫొటోలతో సరిచూసుకోమనండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఇప్పుడే పుస్తకం మూసి గుండె బొమ్మ గీశాను. నాలుగు గదులూ, రక్తనాళాలూ వాటి చోట్లలోనే పడ్డాయి. ఏది ఎరుపో ఏది నీలమో మాత్రం మాటల్లో రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక నుంచి రంగులు ఇలాగే నోట్ చేసుకుంటాను.