బడుల పరిధుల పటాన్ని నలుగురూ కలిసి ఆన్‌లైన్‌లో దిద్దేటప్పుడు పాటించవలసిన పద్ధతి ఏమిటి?

ప్రశ్న (స్వచ్ఛంద కార్యకర్త, అంబర్‌పేట)

బడి బయట ఉన్న పిల్లలను గుర్తించే చిన్న బృందం మాది. ఏ బస్తీ పిల్లలను ఏ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్పించాలో తెలిసేందుకు అంబర్‌పేట, మలక్‌పేట వైపు ఉన్న 23 బడుల పరిధులను గూగుల్ మై మ్యాప్స్‌లో (సొంత పటాలు తయారు చేసుకునే ఆన్‌లైన్ సాధనం) ఒకచోట చేర్చాలనుకున్నాం. కొందరు ప్రధానోపాధ్యాయులు జిరాక్స్ పటం మీద పెన్నుతో గీసి వాట్సాప్‌లో ఫొటో పంపారు. కొందరు బస్తీల పేర్లు మాత్రమే రాసిచ్చారు. మిగిలినవారికి లింకు ఇచ్చి, వారినే గీయమన్నాం. ఇప్పుడు చూస్తే కొన్ని పరిధులు ఒకదానిపై ఒకటి పడ్డాయి, కొన్ని బస్తీలు ఎవరికీ చెందకుండా మిగిలిపోయాయి. పైగా ఎవరో ఒక సరిహద్దును పొరపాటున పక్కకు లాగేశారు, దాని పాత రూపం మా దగ్గర లేదు. ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ అనే జీఐఎస్ (పటాలను, స్థల సమాచారాన్ని నిర్వహించే) సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ బాధ తీరుతుందా? చట్టం చెప్పిన 1 కిలోమీటరు ప్రకారం ప్రతి బడి చుట్టూ వృత్తం గీస్తే సరిపోతుందా?

సమాధానం 1 (జీఐఎస్ ఉద్యోగి, తార్నాక)

ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదు చేసుకునే వీలుంది కానీ, ఆ నమోదు పాత ఆకారాన్ని దాచిపెట్టదు కాబట్టి, సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన మీ చిక్కు విడిపోదు. అసలు లోపం 23 మందిని 23 సరిహద్దులు గీయమనడంలో ఉంది. పక్కపక్క బడుల మధ్య ఉండవలసింది ఒకే గీత, దానిని ఇద్దరు వేర్వేరుగా గీస్తే రెండూ ఎన్నటికీ కలవవు.

ముందుగా అందరికీ ఉచితంగా దొరికే పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు, నాలాలు, రైలు పట్టాలు, మూసీ గీతలను క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని, వాటి ఆధారంగా ప్రాంతాన్ని చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు ఒక సంఖ్య ఇవ్వండి. తర్వాత గూగుల్ షీట్‌లో ఏ ముక్క ఏ బడిదో రాయించండి. ఉపాధ్యాయులు దిద్దవలసింది ఆ షీట్‌ను మాత్రమే, పటం జోలికి వారు రానక్కరలేదు. షీట్‌లో పాత రూపాలు నిలిచి ఉంటాయి కనుక ఎవరైనా తప్పు చేసినా వెనక్కి వెళ్లవచ్చు. ఆ పట్టికను ముక్కలకు జోడించి, ఒకే బడి ముక్కలను డిజాల్వ్ చేస్తే (ఒకే ఆకారంగా కలిపేస్తే) పరిధులు వాటంతట అవే తయారవుతాయి, ఖాళీగా మిగిలిన గడి ఎవరికీ చెందని బస్తీని పట్టిస్తుంది. ఫలితాన్ని మై మ్యాప్స్ చదవగల కేఎంఎల్ ఫైల్‌గా మార్చి, చూడటానికి మాత్రమే వీలుండేలా మై మ్యాప్స్‌లో పెట్టండి.

బడిని పేరుతో కాక 11 అంకెల యూడైస్ కోడ్‌తో (దేశంలో ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) గుర్తించండి. ఆ కోడ్‌ను టెక్స్ట్‌గానే ఉంచాలి, ఎందుకంటే 32 బిట్ల పూర్ణాంకంలో అది పట్టదు. పటాలను దాచే పాత ఫైల్ రకమైన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు 10 అక్షరాల పరిమితి ఉంది, తెలుగు పేర్లు కూడా తరచూ చెదిరిపోతాయి కనుక జియోప్యాకేజీ అనే కొత్త ఫైల్ రకంలో దాచుకోవడం మేలు.

వృత్తం గీయాలనుకుంటే ముందు లేయర్‌ను (పటంలో బడులున్న పొరను) మీటర్లలో కొలిచే యూటీఎం 44ఎన్ పద్ధతికి మార్చండి. అక్షాంశ రేఖాంశాల్లో ఉండగానే చుట్టూ వృత్తం గీసే బఫర్ సాధనానికి 1 అని ఇస్తే అది 1 డిగ్రీ, అంటే దాదాపు 111 కిలోమీటర్లు అవుతుంది. నేను కొత్తలో ఒకసారి అలాగే ఇచ్చి, నల్గొండను కూడా నగరంలోని ఒక ప్రాథమిక పాఠశాల పరిధిలోకి తెచ్చాను.

సమాధానం 2 (విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, మలక్‌పేట)

వృత్తం వద్దనే నేనంటాను. 2009 విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో 5వ తరగతి వరకు 1 కిలోమీటరు అని ఉన్నది నడక దూరం గురించే. అంబర్‌పేటలో మూసీకి దగ్గరగా ఉన్న బడి చుట్టూ వృత్తం గీస్తే అది అవతలి ఒడ్డున మూసారాంబాగ్‌లోని ఇళ్లనూ కలిపేసుకుంటుంది. ఆ పిల్లలు వంతెన చుట్టూ తిరిగి రావాలి. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తితే పాత వంతెన మీద రాకపోకలే ఆగిపోయేవి. అందుచేత నడక దారినే లెక్కించండి.

మరొక మాట. మా తరం ఉపాధ్యాయులకు పటం మీద గీయడం అలవాటు లేదు, కానీ బడిబాటలో ఇంటింటికీ తిరిగినందువల్ల ఏ గల్లీ పిల్లలు ఎక్కడికి వెళ్తారో నోటికి వచ్చు. కాబట్టి గుడి, మసీదు, రేషన్ దుకాణం వంటి గుర్తులు చెప్పించుకుని, ముక్కల సంఖ్యలను మీరే నింపుకోండి. ఈ పరిధి చూపించి ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించకూడదని కూడా పటం మీద రాయండి.

సమాధానం 3 (డేటా విశ్లేషకుడు, మాదాపూర్)

నడక దూరానికి క్యూజీఐఎస్‌లోని సర్వీస్ ఏరియా సాధనం (దారుల వెంట నిర్ణీత దూరంలో ఎంతమేర చేరుకోవచ్చో చూపేది) సరిపోతుంది. అమెరికాలో 2013-14లోనూ, 2015-16లోనూ జాతీయ స్థాయిలో బడుల పరిధుల సరిహద్దులను సేకరించారు. రెండోసారి 12,000కు పైగా స్కూల్ డిస్ట్రిక్టుల (అక్కడి బడులను నడిపే స్థానిక విభాగాలు) నుంచి 70,000కు పైగా బడుల వివరాలు చేరాయి. అయితే సరిహద్దులు మారుతూనే ఉంటాయి కనుక ఆ పటాలు ఆయా సంవత్సరాలకే చెల్లుతాయి. మీ షీట్‌లో కూడా ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’ అనే రెండు కాలమ్‌లు పెట్టండి, పాత వరుసను చెరిపివేయకండి. పిల్లల పేర్లు, ఇళ్ల గుర్తులు మాత్రం ఈ పటంలోకి రానీయవద్దు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలకు ప్రత్యేక జాగ్రత్తలు విధించింది.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మా జాబితాలో రెండు చోట్ల ఒకే ఆవరణలో ఉర్దూ మాధ్యమం బడి, తెలుగు మాధ్యమం బడి విడివిడి కోడ్‌లతో ఉన్నాయి. ఒకే ముక్క రెండింటికీ చెందుతుంది కదా?

సమాధానం 1 (జీఐఎస్ ఉద్యోగి, తార్నాక)

అది తప్పు కాదు, అలా ఉండవలసిందే. షీట్‌లో మాధ్యమానికి ఒక కాలమ్ చేర్చి, ఆ ముక్కకు రెండు వరుసలు రాయండి. డిజాల్వ్ చేసే ముందు మాధ్యమం ప్రకారం వేరు చేసి, రెండు లేయర్లు తయారు చేయండి. ఒకే మాధ్యమంలో ఒక ముక్క రెండుసార్లు కనిపిస్తేనే సంబంధిత ఉపాధ్యాయులకు ఫోన్ చేయవలసి ఉంటుంది.